ఫోర్కు కాలికి ఎర్రదారం

పోయిన వారం జవళగేర నుంచి వడ్ల లోడుతో వచ్చిన లారీ డ్రైవరు నా షాపు ముందు బండి ఆపి, వెనక టైరుకు గాలి పట్టమన్నాడు. నేను గాలి పడుతుంటే పక్కన నిలబడి, వాన కబురు చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"మీ థర్మల్ల పనిచేసి రిటైరయింది గదా, సైకిల్ మేడం. మా పక్క క్యాంపే. పోయింది పాపం. జ్వరమంట."

ఆంధ్ర నుంచి వచ్చిన రైతులు కాలువ కింద కట్టుకున్న ఊళ్లను మా జిల్లాలో క్యాంపులంటారు. ఆమెది అలాంటి క్యాంపే. చేతిలో గాలి కొలిచే గేజీ ఉంది కాబట్టి గేజీనే చూస్తూ ఉన్నాను. లారీ పోయింది. అప్పటి నుంచి నేను కూర్చున్నది లేదు. తిన్నగా ఉన్న చక్రాన్ని మళ్లీ తిన్నగా చేశాను. నట్లు ఒక డబ్బాలో, బోల్టులు ఒక డబ్బాలో వేరుచేసి, మళ్లీ ఎందుకో కలిపేశాను. "కాళ్ల కింద చీమలున్నయా?" అని మా ఇంటామె అడిగింది. చీమలు కాదు. కూర్చోకపోవడం ఆ మేడం జబ్బు. పోతూ పోతూ నాకు అంటించి పోయింది.

శక్తినగర్‌లో, థర్మల్ కరెంటు ప్లాంటు కాలనీ గేటు దాటాక నా షాపు. చిమ్నీలు నా వెనక, బూడిద నా నెత్తి మీద. ఆమె ప్లాంటు ల్యాబులో నీళ్లు పరీక్ష చేసేది. మనిషి అంతా ఇంతా సన్నం కాదు. సిమెంటు బస్తా ఆమెకంటే బరువు. జడ మీద హెల్మెట్టు, చుడీదార్ కాలికి బట్టలారేసే క్లిప్పు. షాపులోకి వస్తే స్టూలు వైపు చూసేది కూడా కాదు. వరసగా నిలబెట్టిన సైకిళ్ల దగ్గరికి పోయి, ఒక్కోదాని హ్యాండిల్ మీద రెండు అరచేతులూ పెట్టి గట్టిగా నొక్కేది. నొక్కి, చటుక్కున వదిలేసి, అది ఎట్లా లేస్తుందో చూసేది. మోపెడ్లను నొక్కేది. బాగుకొచ్చిన పిల్లల మూడు చక్రాల బండిని నొక్కేది. ఒకసారి పాలాయన సైకిల్‌ను కూడా నొక్కింది.

"మేడం, దానికి స్ప్రింగే లేదు."

"తెలుసయ్యా."

"మరి ఎందుకు నొక్కుతున్నరు?"

"లేకపోతే ఎలా ఉంటుందో కూడా తెలియాలిగా."

ఇదీ వరస. మాట పూర్తయ్యేలోపు మనిషి గేటు దగ్గర ఉండేది. వస్తానని చెప్పి వెళ్లిన రోజు నాకు గుర్తులేదు.

మొదటిసారి వచ్చినప్పుడు కొత్త సైకిల్ తోసుకుంటూ వచ్చింది. లావు టైర్లు, ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే కాళ్లలో, అదే ఫోర్కులో, లావు స్ప్రింగు. కొండల్లో తొక్కే రకం. దాన్ని నా ముందు నిలబెట్టి, "నువ్వు ఎక్కు" అంది. ఎక్కాను. ముందుభాగం నా కింద కాస్త కుంగింది. "దిగు" అంది. తాను ఎక్కింది. ఫోర్కు కదల్లేదు.

"చూశావా? నేను ఎక్కిన సంగతి దీనికి తెలియనే తెలియలేదు."

"మజ్బూత్ ఉన్నది మేడం. కుంగకపోతెనే మంచిది. పైసలు పెట్టి కుంగేది ఎవరు కొంటరు?"

నేను వెటకారానికి అన్నది కాదు, నమ్మి అన్నదే. మా దగ్గర సైకిలంటే మోత. వెనక గ్యాసు బండ, ముందు పిల్లగాడు, హ్యాండిల్‌కు రెండు సంచులు. కొత్త సైకిల్ బిగించేటప్పుడే స్ప్రింగును చివరిదాకా తిప్పి గట్టిగా, సఖ్త్ చేసి ఇస్తాం. మెత్తగా ఉంటే మోసం చేశామని గొడవకొస్తారు. ఈమె మోసేది మాత్రం తనను తానే, అది కూడా ఏమంత లేదు.

"ఈ ఫోర్కులు చేసేవాళ్లు నీలాంటివాణ్ణి కూర్చోబెట్టి చేస్తారయ్యా. బరువున్నవాడికి రాయి తగిలితే స్ప్రింగు మింగుతుంది. నాకు తగిలితే ఆ దెబ్బ నేరుగా చేతుల్లోకి వస్తుంది."

అప్పుడే కుడి చెయ్యి చూపించింది. చిటికెన వేలు, పక్క వేలు తిమ్మిరెక్కి ఉన్నాయి. గిల్లినా తెలియడం లేదట. ల్యాబులో గాజు సీసా చేతిలోంచి జారి పగిలిందట. రాళ్ల మీద తొక్కడం మానేయమని రాయచూరులో డాక్టరు చెప్పాడు, ఆగకపోతే ఆ వేళ్లు ఇక రావని కూడా చెప్పాడు. సైకిల్ అమ్మేయమని క్యాంపు నుంచి వాళ్ల తమ్ముడు రోజూ ఫోను.

కాలనీ వెనక గుట్ట ఉంది. దాని మీది నుంచి బండల మధ్యగా దిగితే కృష్ణ. ఎండాకాలం నది ఎండి, అడుగున అన్నీ రాళ్లే తేలి ఉంటాయి. ఆ గుట్ట దిగి, ఆ రాళ్ల మీదుగా అవతలి పాయ దాకా పోయి రావడం ఆమెకు పొద్దున్నే ఉండాలి.

"ఎందుకు మేడం ఆ రాళ్లల్ల? తారు రోడ్డు ఉన్నది గద."

"రోజంతా సీసాలో నీళ్లు కదలకుండా నిలబెట్టి చూసే ఉద్యోగం నాది. నన్ను కూడా నిలబెట్టేస్తే ఎలాగయ్యా?" ఆ మాట కూడా నడుస్తూనే అంది. "కృష్ణలోకి నీళ్లు వదిలేదాకా చూస్తాను. అప్పటికీ ఈ వేళ్లు తిరిగి రాలేదో, సైకిల్ నువ్వే అమ్మిపెట్టు."

అట్లా ఆమె వేళ్లకు కృష్ణ నీళ్లు గడువయ్యాయి.

వేరే ఫోర్కు వెతకడం మొదలైంది. నేను ఫోనులో బొమ్మలు చూసి, కాళ్లు లావుగా ఉన్నదాన్ని చూపించాను. పెద్ద గుట్టల మీది నుంచి దూకేవాళ్లది. ఆమె బొమ్మ వైపు కూడా చూడలేదు. బరువెంతో చూసింది.

"ఇది వేస్తే ఎవరు ఎవర్ని మోస్తున్నట్టు?"

చివరికి బెంగళూరులో ఎవరో వాడి అమ్మినది తెప్పించింది. సన్నటి కాళ్లు, తేలిక, లోపల స్ప్రింగుకు బదులు గాలి. స్ప్రింగయితే ఉన్నది ఉన్నట్టే. ఆమెంత తేలికవాళ్లకు మెత్తటి స్ప్రింగు విడిగా దొరకదు. గాలి అయితే ఎంత కావాలంటే అంత తీసేయొచ్చు. "గాలి మాట వింటుంది" అనేది. నాకు గాలి అంటే కంప్రెషర్. లారీ టైర్లకు పట్టే పైపు లాక్కుని వచ్చాను. ఆమె ఫోర్కుకు అడ్డంగా నిలబడింది.

"ఆ పైపు దీనికి పెట్టావంటే గొట్టం మూతి దగ్గరి రబ్బరు సీళ్లు ఎగిరి ఆ చిమ్నీ మీద పడతాయి."

"గాలి గాలే గద మేడం."

"సముద్రం నీళ్లు కూడా నీళ్లే. తాగుతావా?"

సంచిలోంచి జానెడు పంపు తీసింది, దానికొక చిన్న మీటరు. వైద్యుడు సూది మందు ఎక్కించినట్టు కొద్దికొద్దిగా ఎక్కించింది.

ఫోర్కు లోపల పోసే ఆయిల్ దగ్గర ఇంకో పంచాయితీ. నేను మోపెడ్‌కు వేసే చిక్కటిదే పోశాను. ఆమె హ్యాండిల్ నొక్కి వదిలింది. ఫోర్కు మెల్లగా, నడుం నొప్పి ఉన్నవాడు మంచం దిగినట్టు లేచింది.

"ఇది లేస్తోందా, ఆలోచిస్తోందా?"

"జర నిదానం మంచిదే గద. ఎగిరి మూతికి తగలదు."

"నీకు నిదానం. నాకోసం గాలి తక్కువ పెట్టాం కాబట్టి దీన్ని పైకి తోసే బలం కూడా తక్కువే. చిక్కటి ఆయిల్‌లో అది లేచేలోపు రెండో రాయి వస్తుంది, మూడోది వస్తుంది. కుంగింది కుంగినట్టే ఉండిపోతుంది. పల్చటిది పొయ్యి."

పల్చటిది పోశాం. సీళ్ల దగ్గర గ్రీజు తానే రాసుకుంది. మా ఊరి బూడిద సన్నగా పోయి సీలులో కూర్చుంటే ఫోర్కు పట్టేస్తుంది. నాలాంటివాడు ఎక్కితే ఆ పట్టును తోసేసి కుంగుతుంది, ఆమె ఎక్కితే పట్టే గెలుస్తుంది. అందుకని పొద్దున ఒకసారి, వచ్చాక ఒకసారి బనీను గుడ్డతో ఆ గొట్టాలు తుడిచేది. పిల్లకు ముక్కు తుడిచినట్టు తుడిచేది.

ఇక దారం సంగతి. ఇట్లాంటి ఫోర్కు పైగొట్టానికి ఒక రబ్బరు రింగు ఉంటుంది. గొట్టం లోపలికి దిగినప్పుడు సీలు ఆ రింగును పైకి నెడుతుంది. ఫోర్కు తిరిగి లేచినా రింగు నెట్టినచోటే ఆగిపోతుంది. అది ఎంత పైన ఉందో చూస్తే ఫోర్కు ఎంత కుంగిందో తెలిసిపోతుంది. మాది వాడిన సరుకు కదా, రింగు లేదు. నా షాపు పక్కనే ఒక అవ్వది మిరపకాయ బజ్జీల బండి. బండి గుంజకు జాతర నుంచి తెచ్చిన ఎర్రదారం చుట్టి ఉండేది. మేడం అడిగి మూరెడు తెంపుకొచ్చి, ఫోర్కు కాలికి చుట్టి ముడేసింది. దాన్ని కిందికి సీలు దాకా జరిపి, సైకిల్ ఎక్కి, మెల్లగా దిగింది.

"మొత్తంలో నాలుగో వంతు కుంగాలి. నాలుగో వంతంటే తెలుసా?"

"మంచిగ తెలుసు మేడం. నేను బడిల చదివింది గంతే."

ఆమె నవ్విందంటే నేను ఆ రోజుకు షాపు మూసేసినా నష్టం లేదు. ఆ రోజు నవ్వింది. దారం సరిగ్గా నాలుగో వంతు దగ్గర నిలబడింది.

మరునాడు పొద్దున దారాన్ని సీలు దాకా దించి, గుట్టకు పోయి వచ్చింది. సైకిల్‌ను అవ్వ బండికి ఆనించి, లోపలికొచ్చి నా కొళాయి దగ్గర మొహం కడుక్కుంది. తర్వాత ఇద్దరం పోయి చూశాం. దారం మొత్తం పైన ఉంది, చిట్టచివర. అంటే ఫోర్కు అడుగంటా కుంగి కొట్టుకుంటోందన్నమాట.

"మెత్తగా అయింది మేడం. నేను చెప్పలే?"

గాలి కొంచెం పెంచింది. మరునాడు మళ్లీ చివరే. ఇంకొంచెం పెంచింది. మళ్లీ చివరే. ఇటు షాపులో ఎక్కి చూస్తే, పెంచినకొద్దీ ఫోర్కు కుంగడం తగ్గిపోతోంది. అటు గుట్టకు పోయొస్తే దారం నెత్తికెక్కి కూర్చుంటోంది. ఆమె అసలే నిలకడ లేని మనిషి, ఇప్పుడు షాపులో చివరి నుంచి చివరికి తిరుగుతూ, కుడి చెయ్యి తడి దులిపినట్టు దులుపుతూ ఉండేది. వేళ్ల తిమ్మిరి మణికట్టు దాకా వచ్చింది.

"చెయ్యేమో గట్టిగా ఉందంటోంది, దారమేమో మెత్తగా ఉందంటోంది."

"చెయ్యి మాట ఇనుండ్రి మేడం. దారానికి నొప్పి తెలుస్తదా?"

"చెయ్యి నాది కాబట్టి నేను కోరుకున్నదే చెప్తుందయ్యా. దారం ఎవరి వైపూ కాదు."

కొలిచే ఉద్యోగం కదా. తన నొప్పినైనా అవతల పెడుతుంది గానీ కొలతను పెట్టదు. గాలి మళ్లీ పెంచింది.

పైన ఆనకట్ట దగ్గర నీళ్లు వదిలారని బజారులో అనుకుంటున్న రోజు, ఆమె గుట్ట నుంచి మామూలుకంటే ముందే వచ్చింది. చేత్తో బ్రేకు పట్టుకోలేక సైకిల్ దిగి తోసుకుంటూ వచ్చింది. దాన్ని అవ్వ బండికి ఆనించి లోపలికొచ్చి, గోడకేసి చూస్తూ చెప్పింది.

"అమ్మిపెట్టు."

"నీళ్లు ఇంకా రాలే మేడం."

"వచ్చేస్తాయి. వేళ్లు మాత్రం రావు. చిన్నపిల్లలకి పనికొస్తుందని చెప్పు. పెద్దవాళ్లకి అంటగట్టకు."

నాకు ఏ జోకూ తోచలేదు. తోచకపోతే నేను బయటికి చూస్తాను. చూస్తే, బజ్జీల బండి దగ్గర అవ్వ మూకుడు కింద మంట తగ్గించి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, సైకిల్ ముందు వంగింది. ఫోర్కు కాలి మీద ఎర్రదారాన్ని రెండు వేళ్లతో పట్టి, మెల్లగా చిట్టచివరిదాకా పైకి జరిపింది. ఆ వేళ్లను కళ్లకద్దుకుంది.

నేను మేడం మోచెయ్యి పట్టి లాగి చూపించాను. ఇద్దరం బయటికి పోయాం.

"అవ్వా, ఏం చేస్తున్నవే?"

"ఏం లేదురా. దేవర దారం, కిందికి జారి బూడిదల పడ్డది. పైకి పెట్టిన."

"ఇయాల్నేనా?"

"దినాము పెడ్త. రోజు కిందికే జారతది పాడుది. ఈ పిల్లేమో బండల మీదికెల్లి దూకుతది. రక్ష మంచిగ ఉండాలె గదరా. నీకు జ్ఞానం లేకపాయె, నాకన్న ఉండొద్దా?"

అవ్వ లెక్కలో మేడం తెంపుకుపోయింది రక్ష కట్టుకోవడానికే. జాతర దారాన్ని కొలతకు వాడతారని ఆమెకెట్లా తెలుస్తుంది? మొక్కిన దారం నేలకు దగ్గరగా, మసి అంటుకుని ఉంటే మా దగ్గర ఎవరి చెయ్యి ఊరుకోదు. నా చెయ్యే ఊరుకునేది కాదేమో.

మేడం అరుస్తుందనుకున్నాను. ల్యాబులో సీసా ఒక గడి పక్కన పెడితేనే అరిచేదట. అరవలేదు. బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. ఆమె కూర్చోగా చూడడం నాకు అదే మొదలు. దారాన్ని చూసింది, కుడి చెయ్యి చూసుకుంది.

"అయితే చెయ్యి నిజమే చెప్తోందన్నమాట ఇన్నాళ్లూ."

"దారం అవ్వ పార్టీ మేడం" అన్నాను.

నవ్వలేదు. లేచింది. "పంపు తీ."

గాలి మొదటి లెక్కకు దించింది. ఎక్కి కొలిచి, నాలుగో వంతు దగ్గరికి తెచ్చుకుంది. ఆ తర్వాత అవ్వ దగ్గరికి పోయింది.

"అవ్వా, ఇంకో మూరెడు దారం ఇవ్వు."

దాన్ని ఫోర్కు రెండో కాలికి చుట్టింది. "ఎడమ కాలిది నీది. ఎంత పైకి పెట్టుకుంటావో పెట్టుకో. కుడి కాలిది నాది. దాన్ని ముట్టుకోవద్దు."

"దానికి కుంకుమ వద్దా?"

"వద్దు."

"జర పెడ్త బిడ్డ."

"వద్దవ్వా."

అవ్వ నా వైపు తిరిగి, "సగం దేవునికి, సగం ఈమెకంట. గిట్ల యాడన్న ఉన్నదా?" అంది. కానీ కుడికాలి దారాన్ని మళ్లీ ముట్టుకోలేదు. మరునాడు ఆ దారం చిట్టచివరికి వేలెడు కింద ఆగింది. పెద్ద బండ దగ్గర దాదాపు మొత్తం వాడుకుని, అడుగు తగలకుండా లేచిందని అర్థం. ఆమె దాని ముందు వంగి చాలాసేపు చూసింది. నొక్కింది, వదిలింది. అది చక్కగా లేచింది.

రెండు దారాలు చూసి ఊళ్లో వేరే కథ పుట్టింది. ప్లాంటుకు పోయే కుర్రాళ్లు మోటారు సైకిళ్లు ఆపి, "అన్నా, మేడంకి కట్టిన్రు గదా, షాకప్సర్ దారం, మాకు గూడ కట్టుండ్రి" అని అడిగేవారు. స్ప్రింగు సఖ్త్ ఉన్నవాళ్లకు దారం పనిచేయదని చెప్పి పంపించేవాణ్ణి. అది ఒకరకంగా నిజమే.

ఫోర్కు దారికొచ్చింది గానీ వేళ్లు రాలేదు. ఆమె రోజూ పోయేది, ఇప్పుడు మెల్లగా, చేతులు వదులుగా పెట్టుకుని. తిరిగొచ్చి వేళ్లు మడిచి చాచి చూసుకునేది. మణికట్టు తిమ్మిరి తగ్గింది. వేళ్లు మాత్రం అట్లాగే. డాక్టరు తలూపాడట, అది అవుననో కాదనో ఆమెకు అర్థం కాలేదట. కృష్ణలో పాయలు ఒకటొకటిగా నిండుతున్నాయి. పొద్దున అవతలి పాయ దాకా పోయే మనిషి, తర్వాత మధ్య రాళ్ల దాకా, తర్వాత ఇవతలి ఒడ్డు రాళ్ల దాకా. దారి రోజుకింత నదిలోకి పోతోంది. అమ్మిపెట్టమన్న మాట అమ్మిపెట్టమన్నట్టే ఉంది.

ఒక పొద్దున ముందు చక్రం సగందాకా తడిసి వచ్చింది. చుడీదారంతా బురద.

"అయిపోయిందయ్యా. రాళ్లన్నీ మునిగాయి. ఇక దారి లేదు."

"మరి..." అన్నాను. సైకిల్ వైపు చూశాను.

ఆమె కూడా సైకిల్ వైపే చూసింది. అవ్వ అప్పుడే మూకుట్లోంచి తీసిన బజ్జీని కాగితం ముక్కలో చుట్టి, "ముందు తిను బిడ్డ, మొగం జూడు ఎట్లయిందో" అంటూ ఆమె కుడి అరచేతిలో పెట్టింది. కాగితం చిన్నది. నూనె పక్కకు కారింది.

మేడం "అబ్బా" అని చెయ్యి విదిలించింది. బజ్జీ పోయి బూడిదలో పడింది.

"నా పాడుగాను, కాలిందా బిడ్డ? యాడ కాలింది, జూపియ్యి. నీళ్లు తేరా నువ్వు, నిలబడి జూస్తవేంది?"

నేను నీళ్లకు పోబోయి ఆగాను. ఆమె చెయ్యి మొహం దగ్గరికి తెచ్చుకుని, చిటికెన వేలి అంచును చూసుకుంటోంది. అక్కడ ఎర్రగా కమిలింది. ఎడమచేతి గోటితో దాన్ని ఒకసారి తాకింది. తాకి, పళ్ల మధ్య గాలి పీల్చింది. మళ్లీ తాకింది.

"కాలిందయ్యా" అంది నాతో.

"అవును మేడం. నీళ్లు తెస్త."

"నీళ్లెందుకు? కాలింది అంటున్నాను. ఈ వేలు. కాలింది."

అప్పటికి నాకు వెలిగింది. అవ్వకు వెలగలేదు, ఆమె ఇంకా కొంగుతో ఆ చెయ్యి తుడుస్తూ తనను తాను తిట్టుకుంటోంది. ఇంకొక బజ్జీ తీసి, కాగితం మీద పెట్టి ఊదడం మొదలుపెట్టింది.

"ఆగు బిడ్డ, చల్లారనీ."

"చల్లారనివ్వకు అవ్వా" అంది మేడం, అదే చెయ్యి చాపి. "వేడి వేడిగానే ఇవ్వు."